గడ్డి దూడను దిబ్బ మీద పారేసిన రోజు

చిన్నప్పుడు మా కొట్టంలో ఒక గడ్డి దూడ ఉండేది... చచ్చిపోయిన దూడ తోలు ఆరబెట్టి, లోపల గడ్డి కూరి కుట్టినది. కళ్ళుండేవి కాదు. పొద్దున్నే దాన్ని తెచ్చి ఎర్రావు ముందు నిలబెడితే, పాపం, అది తన బిడ్డే అనుకుని నాకేది... నాకుతూ నాకుతూ పొదుగులోకి పాలు చేపేది. అమ్మ పిండుకునేది. నాకీ నాకీ ఆ దూడ వీపు మీద వెంట్రుకలన్నీ పోయి నున్నగా అయింది.

అర్ధవీడు పక్కన మా ఊరు. ఎర్రావు అప్పటికి రెండు ఈతలు ఈనింది. రెండు దూడలూ పుట్టిన కొద్దిరోజులకే పారుడు రోగం పట్టుకుని పోయాయి. గడ్డి కూరింది రెండోదానికి.

మా ఇంట్లో ఒక కట్టుబాటు. ఆవు ఈనాక, దూడ వెనకే కడుపులోంచి రావాల్సిన మావి పడేదాకా దూడను పొదుగు దగ్గరికి పోనివ్వకూడదు. ముందే తాగితే మావి లోపలే నిలిచిపోయి ఆవు చస్తుందని మా అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, నమ్మకం. ఆ ముర్రుపాలు దూడకు పడవని కూడా అనేది. ఒక్కోసారి మావి పడేసరికి పొద్దు వాలేది. అంతసేపూ దూడ మూలన కట్టేసి ఉండేది... అరిచి అరిచి, ఇక లేవలేక పడుకునేది. మా ఒక్క ఇంట్లోనే కాదు, ఊరంతా అంతే.

మూడో ఈత ఎండాకాలం వచ్చింది. పొద్దున పూట. నన్ను బడి మాన్పించి మావి కాపలాకు కూర్చోబెట్టారు. పడీపడగానే ఆవు తినేయకుండా, కుక్కలు లాక్కుపోకుండా కర్ర పట్టుకుని చూడాలి. ఈ కారణం చెబితే బళ్ళో అయ్యవారు కూడా ఏమీ అనేవాడు కాదు.

పెయ్యదూడ పుట్టింది. నుదుటి మీద తెల్లచుక్క. ఒంటి మీద తడి ఆరకముందే లేచి, తల్లి కాళ్ళ మధ్యకు తూలుకుంటూ పోతోంది... నాయన దాని మెడకు తాడు వేశాడు, మూలన కట్టేయడానికి.

అమ్మ వచ్చి ఆ తాడు పట్టుకుంది.

మా అమ్మ నోట్లో మాట లేని మనిషి. ఇంటికెవరైనా వస్తే తలుపు వెనక నిలబడేది. అత్త ముందు తలెత్తింది లేదు. నాకూ ఆ బిడియమే వచ్చింది.

"ఏందే, ఇడువు తాడు," అన్నాడు నాయన.

"దూడను తాగనీ," అంది అమ్మ.

గడప మీద కూర్చున్న అవ్వ లేచింది. "మావి పడలే. కండ్లు పోయినాయా నీకు?"

"కనపడతాంది అత్తా."

"కనపడి కూడానా! దొనకొండ పక్క మీ ఇంట్లో ఇట్లనే చేస్తారా? అందుకే మీ నాయన కొట్టంలో కోళ్ళు తప్ప గొడ్డు మిగల్లే!"

గోడ అవతల నుంచి పక్కింటి పెద్దమ్మ పకపకా నవ్వింది.

అమ్మ మాత్రం నేల చూపులే చూస్తూ అంది. "రెండు ఈతలూ మీరు చెప్పినట్టే చేస్తిమి గదా. ఏమాయె?"

"దాని రాత అది. ఇప్పుడు ఆవుకేమన్నా అయితే పూచీ ఎవురిది? నీదా?"

"నాదే. ఏమన్నా అయితే నన్ను మా ఊరికి తోలేయండి."

అమ్మ తాడు మాత్రం వదల్లేదు.

"నా కడుపున ముందు పుట్టిన పిల్లక్కూడా ఇట్లనే చేస్తిరి అత్తా. నా పాలు పడవంటిరి, చక్కెర నీళ్ళు పోస్తిరి. అది ఏడ్చి ఏడ్చి పాయె... నేను నోరు మూసుకుని ఉంటి. ఈ దూడకాడ మూసుకోను."

నాకంటే ముందు ఒక అక్క పుట్టిందని ఆ రోజే నాకు తెలిసింది.

గోడ అవతల నవ్వు ఆగిపోయింది. నాయన తాడు వదిలేశాడు. అమ్మ దూడను పొదుగు దగ్గరికి నడిపించి, చన్ను నోటికి అందించింది... అది తోకాడిస్తూ గుటకలు వేస్తుంటే ఆ చప్పుడు కొట్టమంతా వినపడింది.

ఇక అందరం మావి కోసం చూడటమే. అమ్మ గుంజకు ఆనుకుని నిలబడింది, పచ్చి మంచినీళ్ళు కూడా తాగలేదు. అవ్వ కాసేపు గొణిగింది. తర్వాత వచ్చి, నా చేతిలో కర్ర తీసుకుని నా పక్కనే కూర్చుంది.

పొద్దు నడినెత్తికి రాకముందే...

"పడింది," అంది అవ్వ. అంతే. మావిని గడ్డిలో చుట్టి, తనే తీసుకుపోయి పూడ్చి వచ్చింది.

అమ్మ గడ్డి దూడను కాలు పట్టి ఈడ్చుకుపోయి దిబ్బ మీద పారేసింది. ఆ తర్వాత మళ్ళీ ఎప్పట్లాగే తలుపు వెనక్కి పోయింది. కానీ ఆ రోజు నుంచి మా ఇంట్లో ఏ దూడకూ చన్ను ఆపలేదు... అవ్వ కూడా ఆపలేదు.

ఇప్పుడు నా కొట్టంలో ఉన్నది ఆ చుక్కదాని సంతానమే. గడ్డి దూడలు ఇప్పుడెక్కడా లేవు... వాటి అవసరమే లేదు. సూది వేస్తే ఆవు చేపుతుంది. బతికున్న దూడకే పాలు లేవు. కోడెదూడైతే మరీ... మూతి మీద తడి ఆరకముందే రోడ్డు మీదికి తోలేస్తున్నారు.

పాలకేంద్రం పిల్లోడు రోజూ అడుగుతాడు. "తాతా, రెండు చన్నులు దూడకే ఇడిస్తే నీకేం మిగుల్తాది?"

"ఇడుస్తా," అంటాను.

"జనం నవ్వుతాండారు తాతా."

"నవ్వనీ."

నాకు అంతకంటే మాటలు రావు. రావాల్సిన అవసరమూ లేదు. దూడ వాటా దూడది. ఎవరొచ్చి ఎన్ని లెక్కలు చెప్పినా ఇంతే.

ఒకప్పుడు తెల్లారితే మా వీధంతా దూడల అరుపులే... ఇప్పుడు పాల బండి హారన్ ఒక్కటే వినపడుతోంది.

మీ ఇంట్లోనూ ఒక దూడ కోసమో, బిడ్డ కోసమో ఇట్ల ఎదురు తిరిగిన అమ్మో అవ్వో ఉంటే రాయండి... చదువుకుంటాను. నేను మాత్రం ఇప్పుడు కొట్టంలోకి పోవాలి. ఆవు ఈనేట్టుంది. మావి ఎప్పుడు పడినా సరే... దూడను ముందు విడిచేది నేనే.