ఆపాక తిరిగే పంపు

మొన్న మేనమామ అంతిమయాత్రకు చేపల వ్యానులో వెళ్లాను. కారు లేక కాదు. ఉన్న కారును ఆ పొద్దునే నా చేతులతో చంపాను.

మాది బరంపురంలో పాత కిరాణా కొట్టు కుటుంబం. కొట్టు మూశాక కరెంటు మెయిన్ ఆపాలి, లోపల ఏదీ తిరగకూడదు. అది నాన్న నియమం. ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేసినా నన్ను వదల్లేదు. ఆ పొద్దున పాలు తెచ్చి అంకులి పేటలో మా ఇంటి ముందు కారు ఆపాను. ఇంజిన్ ఆగింది. బానెట్ కింద ఏదో గుయ్‌మంటూనే ఉంది! మాన్యువల్ తీశాను. ఎలక్ట్రిక్ వాటర్ పంపు. బండి ఆగాక పంపుతో పనేమిటి? బ్యాటరీ దండగ! ఫ్యూజు లాగి జేబులో వేసుకున్నాను. తర్వాతి పేజీ చదవలేదు.

గంటలో ఖల్లికోట నుంచి ఫోన్. మామయ్య పోయాడు. మా ఇంట్లోనే ఉండే పెద్దమ్మకు ఒక్కడే తమ్ముడు.

“రెండింటికి ఎత్తీస్తారంట. ఆడి మొకం సూడాలిరా.”

“ఎత్తకముందే చేరతాం, పెద్దమ్మా.”

దారిలో కారు డాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. ఫ్యూజు తీశాను కదా, వెలగడం సహజమే అనుకున్నాను. ఛత్రపురం దగ్గర ఆవిరి లేచింది. మెకానిక్ వచ్చాడు. ఫ్యూజు చూపించాను.

“ఇంజిన్‌లో నీళ్లు తిప్పేది ఆ పంపే బాబూ! దీనికి బెల్టు లేదు, కరెంటే. ఆపినాక కూడా ఏడి దిగీదాకా తిరుగుద్ది.”

“ఇప్పుడు పెట్టేస్తే?”

“ఇప్పుడేటి పెడతావు? ఏడికి ఇంజిన్ హెడ్డు వొంగిపోనాది.”

ఫ్యూజు మళ్లీ జేబులోకి వెళ్లింది. ఆర్యపల్లి నుంచి వస్తున్న చేపల వ్యానును ఆపాను. పెద్దమ్మ ముందు సీట్లో, నేను వెనక ఐసు పెట్టె మీద. నాకు మాత్రం కూలింగ్‌కు లోటు లేదు.

చేరేసరికి ఎత్తేశారు. వీధి చివర దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. పెద్దమ్మ పరుగెత్తింది. ముఖం మీది గుడ్డ తీసి, చెవిలో మూడుసార్లు పిలిచింది.

“తమ్ముడూ... తమ్ముడూ... ఒరే తమ్ముడూ...”

అందరం ఆగి చూశాం. ఏమీ జరగలేదు.

దండం పెడుతూ వంగాను. జేబులోంచి ఫ్యూజు జారి మామయ్య గుండెల మీద పడింది.

“ఏటత్తా అది?” అన్నాడు మామయ్య కొడుకు.

పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“ఈడి తెలివిరా. ఉండనీ, మీ నాన్నతోపాటే ఎల్లిపోద్ది.”