విటమిన్ మందుకు పథ్యం

1984 వేసవిలో నన్ను జూలూరుపాడు అవతల అడవి అంచున ఉన్న ఒక కుష్ఠు నివారణ కేంద్రానికి ఫిజియో టెక్నీషియన్‌గా వేశారు. హోదా సంగతి చెప్పాలంటే, డాక్టరుగారికి కింద, ఊళ్లు తిరిగే వర్కర్లకు కాస్త పైన. పైవాళ్లు పని చెప్పేవారు, కిందివాళ్లు నమస్కారం పెట్టేవారు కాదు. నా పని అరికాలి పుండ్లు. ఈ జబ్బులో నరాలు చచ్చి పాదానికి స్పర్శ పోతుంది. ముల్లు దిగినా తెలియదు. నొప్పి లేదు కనుక మనిషి నడుస్తూనే ఉంటాడు, నడుస్తున్నాడు కనుక పుండు మానదు. వైద్యం మహా చవక. కాలు నీళ్లలో నానబెట్టి, పుండు చుట్టూ గట్టిపడిన తోలు గీకి, శుభ్రంగా కట్టు కట్టి, కాలు కింద పెట్టకుండా కూర్చోబెట్టాలి. ఇందులో మందు లేదు గనుక దీన్ని వైద్యమని ఎవరూ ఒప్పుకునేవారు కాదు.

ఆ లోటు తీర్చడానికే అన్నట్టు మా పై అధికారి ఒకాయన ఏదో సదస్సుకు వెళ్లి జ్ఞానోదయమై తిరిగొచ్చారు. విటమిన్లు కలిపిన ఆయింట్‌మెంట్ పైన పూస్తే చర్మం చకచకా అల్లుకుంటుందట! పొట్టకు అందని విటమిన్లను అరికాలికి తినిపించే ఈ ఏర్పాటు కింద మాకు పసుపురంగు ట్యూబులు ఒక పెట్టెడు వచ్చాయి. మేము అడిగింది కట్టుగుడ్డ.

అప్పుడు నా దగ్గరికి వచ్చేవాళ్లలో లచ్చమ్మ అనే ఆమె ఉండేది. ముప్పై ఏళ్లుంటాయి. బొటనవేలి మొదట్లో పుండు, ఇంచుమించు ఎముక దాకా దిగింది. ఎముకకు చీము పడితే పాదం తీసేయాల్సి వస్తుందని డాక్టరుగారు చెప్పేశారు. పుండు మానేదాకా కాలు కింద పెట్టవద్దని నేను చెప్పాను. వెంట వచ్చిన అత్తగారు నన్ను ఎగాదిగా చూసింది. అది బీడీలకు తునికాకు కోసే కాలం, అడవి ఊళ్లకు నాలుగు డబ్బులు కనిపించే రోజులు.

“నొప్పి లేదంటది, జరం లేదు. ఉత్తగ కూసోబెడితే ఎట్ల సారూ? ఆకెవలు కోస్తరు?”

నాకు ఒళ్లు మండింది. పాదం పోతుందంటే ఆకు గురించి అడుగుతుందేమిటీ ముసలామె? వాదన దండగని, ట్యూబు తీసి పూయడం మొదలుపెట్టాను. ముసలామె వాలకమే మారిపోయింది. దగ్గరికి జరిగి, ఎంతో వినయంగా, “మరి పత్తెమేంది సారూ?” అని అడిగింది.

మా వైపు పథ్యం లేనిది మందే కాదు. వంకాయ మానమని చెప్పని డాక్టరు దగ్గరికి రెండోసారి ఎవరూ రారు. సరే కానిమ్మనుకుని, వంకాయ తినొచ్చు గానీ ఈ మందు వాడినన్నాళ్లూ కాలు నేలకు ఆనకూడదు, ఆనితే మందు వికటిస్తుంది అని గంభీరంగా చెప్పాను.

నా మాటకు లేని విలువ ట్యూబుకు ఉందని త్వరలోనే తెలిసింది. కట్టు మార్చడానికి వాళ్ల ఇంటికి వెళ్తే, కోడలు మంచం మీద కాలు చాపుకుని ఆకు కట్టలు కడుతోంది. ఆకు ముసలామే కోసుకొచ్చిందట. కోడల్ని నీళ్ల బిందె కూడా ముట్టుకోనివ్వడం లేదట. పుండు అంచులు దగ్గరపడసాగాయి.

సగం మానేసరికి ట్యూబులు అయిపోయాయి. మళ్లీ పంపమంటే స్టాకు లేదన్నారు. ఆ మాట చెప్పడానికి వెళ్లాను. అత్త ఇంట్లో లేదు. లచ్చమ్మ విని, గొంతు తగ్గించింది.

“మందు లేకుంటె పాయె సారూ. పత్తెం మాత్రం ఇంక అయిపోలేదని మా అత్తకు చెప్పు. గట్లయితెనే కూసోనిస్తది.”

నవ్వు రావాల్సిన మాటే. నాకు బాధేసింది. అత్త వచ్చేదాకా కూర్చుని, పథ్యం పొడిగించి మరీ వచ్చాను. ఆకు కాలం పోయాక పుండు పూర్తిగా మానింది. లచ్చమ్మకు పాదం దక్కింది.

అధికారిగారు పర్యటనకు వచ్చి ఆ పాదం చూసి మురిసిపోయారు. సగం రోజులు ఆయింట్‌మెంటే లేదని వినయంగా మనవి చేసుకున్నాను. ఆయన విటమిన్ల ప్రభావం చాలాకాలం నిలుస్తుందని సెలవిచ్చారు. మరుసటి ఏడు రెండు పెట్టెలు పంపించారు.

విటమిన్లు పైన పూస్తే పుండు మానుతుందో లేదో తేల్చేంత చదువు నాకు లేదు. నేను నేర్చుకున్నది వేరు. పుండుకు ఏం పూయాలన్నది తేలిక ప్రశ్న. ఆ మనిషిని ఇంట్లో కూర్చోనివ్వాల్సింది ఎవరు, వాళ్లకు ఏం చెబితే కూర్చోనిస్తారు అన్నది ముందు కనుక్కోవాలి. రిటైరయ్యేదాకా నేను ఏ ఆడమనిషికీ ఉత్త విశ్రాంతి చెప్పలేదు. ఏదో ఒక మందు చేతికిచ్చి, పథ్యం మాత్రం అత్తగారికే చెప్పాను.