బుల్లబ్బాయి పెరట్లో ఆదివారం అరుపులు

మా పక్కింటి బుల్లబ్బాయి భీమవరంలో ఐసు ఆటో నడుపుతాడు. రొయ్యల చెరువుల మీదికి ఐసు దిమ్మలు తోలడం అతని పని. మనిషి ఆరడుగులుంటాడు, గొంతు మాత్రం పిల్లికూనది. చెరువు గట్టు మీద పదిమంది కేకలేసుకుంటుంటే, "కాస్త జరగండి, ఐసు కరిగిపోద్దండి" అని బతిమాలుకునే రకం. అలాంటివాడు ఏడేళ్ళ కూతుర్ని చిత్రహింసలు పెడుతున్నాడంటే ఎవరైనా నమ్ముతారా? నమ్మక్కర్లేదు. ఫిర్యాదు చేస్తే చాలు, ఆఫీసు వాళ్ళు రాక తప్పదు.

ఫిర్యాదు చేసిందెవరో చెప్పకూడదట, రూలు. మా వీధిలో కుక్కపిల్లకి కూడా తెలుసు. విడాకులు తీసుకుని తణుకు వెళ్ళిపోయిన సత్యకుమారి! విడిపోయేటప్పుడు ఇద్దరూ బుద్ధిగానే మాట్లాడుకున్నారు. బడి ఇక్కడే కాబట్టి దేవిశ్రీ నాన్న దగ్గరుంటుంది, సెలవులకి అమ్మ దగ్గరికెళ్తుంది. ఏడాది తిరిగేసరికి ఆవిడకి పిల్ల కావాలనిపించింది. కన్నతల్లి, అనిపిస్తుంది, తప్పు లేదు. బుల్లబ్బాయిని అడగొచ్చు, కోర్టుకెళ్ళొచ్చు. ఆవిడ పిల్లల హెల్ప్‌లైనుకి ఫోను కొట్టింది. అక్కడే నాకు ఒళ్ళు మండింది.

మొదటిసారి, పిల్లకి తిండి పెట్టడం లేదన్నారు. బాలల సంరక్షణ ఆఫీసు నుంచి రెబెక్కాగారు వచ్చేసరికి దేవిశ్రీ పెసరట్టు మీద పెసరట్టు లాగిస్తూ, ఇంకోటి వెయ్యమని పేచీ పెడుతోంది. రెండోసారి ఒంటినిండా దెబ్బలన్నారు. వెతగ్గా వెతగ్గా మోకాలి మీద ఒక గీత దొరికింది. సైకిల్ మీంచి పడింది. ఎలా పడిందో మళ్ళీ పడి చూపిస్తానని దేవిశ్రీ సైకిలెక్కబోతే ఆపడానికి ముగ్గురం కావాల్సొచ్చింది. రెబెక్కాగారు నవ్వు బిగబట్టుకుని రాసుకున్నారు. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఏదో ఒక ఇంట్లో నిజంగా దెబ్బలు తినే పిల్ల ఉంటుంది కదా, ఆవిడ అన్ని తలుపులూ తట్టాల్సిందే.

మూడోసారి వచ్చినప్పుడు మాత్రం కుర్చీ వేసినా కూర్చోలేదు. పక్కింటి మనిషినని నన్నూ పిలిచి, ఫోనులో ఒక రికార్డింగు వినిపించారు.

"నాన్నా వద్దు! చచ్చిపోతున్నా! వదిలెయ్! బాబోయ్, నా కళ్ళు పోయాయి!"

దేవిశ్రీ గొంతే. మధ్యలో బుల్లబ్బాయి: "కదలకు! ఇంకొక్కసారి, అంతే!"

బుల్లబ్బాయి పకపకా నవ్వేశాడు. నాకూ నవ్వాగలేదు. రెబెక్కాగారి మొహం చూశాక ఇద్దరం నోళ్ళు మూసుకున్నాం.

"తలంటండి," అన్నాడు బుల్లబ్బాయి. "ఆదివారం ఆదివారం కుంకుడుకాయతో తలంటి పోస్తానండి."

"కుంకుడుకాయకి ఇంత అరుపా?"

"ఇది తక్కువేనండి," అన్నాను నేను.

అబద్ధం చెప్పలేదు. బుల్లబ్బాయి కుంకుడుకాయలు కొట్టి, వేడినీళ్ళలో నానబెట్టి, బాగా పిసికి నురగ తీస్తాడు. పెరట్లో పాత గౌనుతో పీట మీద కూర్చున్న దేవిశ్రీ, చెంబు కనపడగానే మొదలెడుతుంది. ఆ అరుపు విని మా వీధిలో ఆడవాళ్ళు అన్నానికి ఎసరు పెడతారు. షాంపూ కొనుక్కోరా అంటే వినడు. "దానికి వాళ్ళమ్మ జుట్టు వచ్చిందండి పిన్నిగారూ, పాడైపోతే ఆవిడ బాధపడుద్దండి" అంటాడు. వీడి తెలివి ఇలా ఏడిసింది! మరి సత్యకుమారికి ఇదంతా తెలియదా? ఆ పెరట్లో ఆ చెంబు ఏళ్ళ తరబడి పట్టుకున్నది ఆవిడే. పోయిన నెల తలంటి పోస్తుండగా ఆవిడ ఫోను చేస్తే, "పిల్లకి తల రుద్దుతున్నాను, లైన్లో ఉండు" అని ఫోను కిటికీలో పెట్టాడు. ఆవిడ లైన్లోనే ఉండి రికార్డు చేసుకుంది.

"ఇది పిల్లల సంక్షేమ కమిటీ ముందుకెళ్తుందండి," అన్నారు రెబెక్కాగారు. "తేలేదాకా పాపని ఇక్కడ ఉంచొద్దని వాళ్ళంటే నా చేతిలో ఏమీ లేదు. ముందు నా కళ్ళతో చూడాలి. ఏదో ఒక ఆదివారం వస్తాను."

బుల్లబ్బాయికి నవ్వు ఎగిరిపోయింది. పిల్లని తీసుకుపోతే వాడేమైపోతాడో తలచుకుంటేనే నాకు గుబులేసింది. పైకి మాత్రం ధైర్యం చెప్పాను. "ఏముందిరా, అది అరుస్తాది, ఆవిడ వింటాది, అయిపోద్ది."

ఆ ఆదివారం రెబెక్కాగారు రాలేదు. దేవిశ్రీ అరవనూ లేదు. "పెద్దదైపోయిందండి," అని బుల్లబ్బాయి మురిసిపోయాడు. నేనూ మురిశాను, బుద్ధి లేక.

మరుసటి ఆదివారం ఆవిడ వచ్చారు. వీధంతా గోడల మీదే ఉంది. బుల్లబ్బాయి చెంబుడు కుంకుడు రసం పోశాడు. అరుపు లేదు. రుద్దాడు. ఊహూఁ. దేవిశ్రీ కళ్ళు గట్టిగా మూసుకుని, పెదాలు బిగబట్టుకుని కూర్చుంది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి.

"అరువమ్మా," అన్నాడు బుల్లబ్బాయి బతిమాలుతూ.

"అరువే తల్లీ!" అన్నాం గోడల మీంచి. ఎదురింటి బేబీ ఆగలేక, "ఇలా అరుస్తాదండి మేడంగారూ!" అని తనే ఒక కేక పెట్టింది. పక్క గోడ మీంచి ఇంకొకావిడ, అది కాదు, ఇలాగని సరిదిద్దింది. పిల్ల తప్ప అందరం అరిచాం.

"మీరంతా ఆగండి!" రెబెక్కాగారు చీర తడుస్తున్నా చూసుకోకుండా పీట పక్కన గొంతుక్కూర్చున్నారు. "మండుతోందా అమ్మా?"

దేవిశ్రీ తలూపింది.

"మరి అరవవేం?"

"అరిస్తే మీరు నన్ను తీసుకెళ్ళిపోతారు," అంది కళ్ళు తెరవకుండానే. "మొన్న ఫోనులో వినిపించారుగా. నేను తలుపెనకాలే ఉన్నా."

ఇన్నాళ్ళూ మేం పెద్దవాళ్ళం వాళ్ళ నాన్నని కాపాడుతున్నామనుకున్నాం. ఈ వేలెడంత పిల్ల రెండు ఆదివారాలు మంటంతా మింగేసి తనే కాపాడుతోంది. సత్యకుమారి ఆ క్షణాన ఎదురుగా ఉంటే ఏమనేదాన్నో నాకే తెలియదు.

రెబెక్కాగారు మెళ్ళో ఉన్న ఐడీ కార్డు తీసి సంచీలో పడేశారు. "నిన్నెవరూ తీసుకెళ్ళరు. నా కూతురి మీద ఒట్టు. నీ ఇష్టమొచ్చినట్టు అరుచుకో."

దేవిశ్రీ ఒక కన్ను తెరిచి, ఆవిడ మొహం చూసి, గుండెలనిండా గాలి పీల్చుకుంది.

"నాన్నా! చచ్చిపోయానూ! బాబోయ్! నా కళ్ళూ!"

బేబీ గోడ మీంచి అవతలికి జారిపోయింది. దేవిశ్రీ తల విదిలించిన విసురుకి నురగ వెళ్ళి రెబెక్కాగారి కంట్లో పడింది. "అమ్మోయ్!" అని ఆవిడ పెట్టిన కేక దేవిశ్రీ కేకకేమీ తీసిపోలేదు. వీధి వీధంతా విరగబడి నవ్వాం. బుల్లబ్బాయి నవ్వుతూనే ఏడుస్తున్నాడు.

"అర్థమైందండి సంపూర్ణమ్మగారూ, ఎందుకరుస్తుందో," అన్నారు రెబెక్కాగారు నాతో, నేనిచ్చిన తువ్వాలుతో కన్ను ఒత్తుకుంటూ. "ఫిర్యాదు అబద్ధమని నేనే రాస్తాను. తణుకులో ఆవిడతో కూడా మాట్లాడతాను. పిల్ల కావాలంటే అడిగే దారులు వేరే ఉన్నాయి."

బుల్లబ్బాయి ఆఖరి చెంబు మంచినీళ్ళు పోసి, పిల్ల తల తుడిచాడు. అది ఇంకా అరుస్తూనే ఉంది.

"అయిపోయిందమ్మా, కడిగేశాను. ఇంక మండదు."

"ఉండు నాన్నా," అంది దేవిశ్రీ, ఊపిరి తీసుకుంటూ. "పోయిన ఆదివారానిది ఇంకా ఉంది."