మామయ్య వేసిన ఎరువు

మా కారంపూడి వైపు పల్లెల్లో ఎవరి పెంటదిబ్బ ఎంత పెద్దదైతే వాళ్ళు అంత గట్టి రైతు. ఇంట్లోంచి చెత్త బయటికి పోతుంటే మా మామయ్యకు ప్రాణం పోయినట్టుంటుంది. నేనేమో మా బుడ్డోడి డైపర్లు చుట్టచుట్టి పంచాయతీ చెత్తబండిలో వేసేదాన్ని. ఓ పొద్దున ఆయన గుమ్మంలోనే ఆపేశారు.

"ఏంది అమ్మాయ్, మనింటి ఎరువు ఊరికి దానం చేస్తన్నావా?"

ఎరువట! మా ఆయన నరసరావుపేట నుంచి తెచ్చిన ప్యాకెట్ మీద పచ్చటి ఆకు బొమ్మ, దాని కింద ‘మొక్కల నుంచి తయారైనది’ అని పెద్ద అక్షరాలు. మామయ్య అంతవరకే చదివారు. పంచాయతీ తీర్మానాలైనా ఆయన చదివేది పెద్ద అక్షరాల వరకే.

"చెరుకు నుంచి తీసినా ప్లాస్టిక్ ప్లాస్టిక్కే మామయ్యా. దేంతో చేశారో రాశారు గానీ, మట్టిలో కలుస్తుందని ఎక్కడా రాయలేదు," అన్నాను.

"మొక్కతో చేసింది మట్టిలో కలవక యాడికి పోద్ది? పత్తికట్టె కుళ్ళట్లా? చదువుకున్నోళ్ళకి పేడ సంగతి ఏం తెలుసుద్ది!"

మా ఆయన ఫోన్లోంచి తలెత్తలేదు. ఇక డైపర్లన్నీ దిబ్బకే. పైగా ప్రకృతి వ్యవసాయం మా ఇంట్లో ఉయ్యాల నుంచే మొదలైందని టీకొట్టు దగ్గర మామయ్య ఒకటే గొప్పలు.

ఎండాకాలంలో ఆ పెంటనంతా మిరపచేనుకు తోలించి చల్లించారు. పైన గొర్రు తోలాక ఏమీ కనిపించలేదు. మామయ్య మీసం దువ్వుకున్నారు. తర్వాత వానలు పడ్డాయి.

మిరప నాట్ల రోజు బుడ్డోణ్ణి చంకనేసుకుని టీ ఫ్లాస్కుతో చేనుకు వెళ్ళాను. అమ్మో! ఎటు చూసినా తెల్లటి మూటలే. వాన నీళ్ళు తాగి దిండ్లలా ఉబ్బాయి. కొన్ని గొర్రుకు చినిగి, లోపలి జిగురంతా సాళ్ళలో మెరుస్తోంది. కూలికొచ్చిన ఆడవాళ్ళు ఒక్కరూ చేలోకి దిగకుండా గట్టు మీదే నిలబడ్డారు. పీకిన నారు కట్టలు ఎండకు వాడిపోతున్నాయి. ఆ పూట నాటకపోతే నారంతా పోయినట్టే. వీళ్ళు వెళ్ళిపోతే ఆ అదనులో ఇంకో ముఠా దొరకదు.

మామయ్య నావైపు చేతులు చాపారు. "బిడ్డని నాకిచ్చి నువ్వు ఏరమ్మా. నీ కొడుకువేగా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే ముఠా మేస్త్రమ్మ అందుకుంది.

"ఆ పిల్లనెందుకంటావు పెద్దాయనా? టీకొట్టు కాడ ఎరువు, ఎరువని ఊదరగొట్టింది నువ్వు. నువ్వేసిన ఎరువు నువ్వే ఏరుకో. మేం చెయ్యి పెట్టం. పోమంటే పోతాం."

మామయ్య నారు వైపు చూశారు, మా వైపు చూశారు. పంచె ఎగ్గట్టి దిగారు. మనవడి డైపర్ ఒక్కసారైనా మార్చని మనిషి, ముక్కు పక్కకు తిప్పుకుని, రెండు వేళ్ళతో ఒక్కోటీ ఎత్తి గంపలో వేస్తుంటే నాకు కడుపు నిండిపోయింది. జాలి పడాలేమో, పడలేదు.

గంప నిండగానే ఆయన గట్టెక్కబోయారు.

"ఆ మూల ఇంకా ఉన్నాయి మామయ్యా," అన్నాను.