చెరువు అడుగున బావులు

2023 ఎండాకాలం. ఇబ్రహీంపట్నం బస్టాండుకు కాస్త ఇవతల నా జిరాక్సు, డీటీపీ సెంటరు. ఏడో తరగతితో బడి మానేసి, టైపు మిషనూ, ఆ తర్వాత కంప్యూటరూ పుస్తకాలు చూసి సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. ఏటా ఆ రోజుల్లో చుట్టుపక్కల కాలేజీల పిల్లలు 'పర్సనల్ వెబ్‌సైట్ ప్రాజెక్ట్' అంటూ వస్తారు. నచ్చిన అంశం ఎంచుకుని నాలుగు పేజీల వెబ్‌సైట్ సొంతంగా కట్టాలి. కట్టేదెవరు? "తాతా, రెడీమేడ్ ఏదన్న ఉంటే పేరు మార్చియ్యి" అంటారు. నా దగ్గర గోవా బీచుల టెంప్లేట్ ఒకటుంది. టెంప్లేట్ అంటే ముందే అల్లిపెట్టిన నమూనా. అది ఎన్ని పేర్లు మార్చుకుని ఎన్ని కాలేజీలు తిరిగిందో! సముద్రం మొహం చూడని పిల్లలు 'నేను ప్రేమించే గోవా' అని రాసుకుంటారు. ఇదేం చదువని తిట్టీ తిట్టీ నాకే విసుగొచ్చింది.

స్వప్న డిగ్రీ చివరి ఏడు చదివే పిల్ల. తండ్రి యాదయ్య మా చెరువులో చేపలు పడతాడు, తల్లి మన్నెగూడ చౌరస్తాలో అమ్ముతుంది. స్వప్న ఇచ్చిన అంశాలను 'అందరూ పెట్టేవే' అని లెక్చరరు రెండుసార్లు తిప్పి పంపాడు. ఈసారీ పోతే డిగ్రీ ఆగుతుంది. డిగ్రీ వస్తేనే ఆదిభట్ల కంపెనీల్లో ఉద్యోగం.

"ఈసారి మా చెరువు పెడుత తాతా. గది ఎవ్వరి దగ్గర ఉండది" అంది.

నా కొట్టులోనే కూర్చుని మ్యాప్ గీసింది. చెరువు ఏళ్ల తరబడి ఎండిన కాలం నాకు బాగా గుర్తు. నడి చెరువులో బావులు తవ్వి సాగు చేశారు, ఇటుకలకు మట్టి తోడారు. నీళ్లొచ్చాక అవన్నీ మునిగాయి. ఎండాకాలం నీళ్లు తగ్గితే చేపలు ఆ లోతుల్లోకే చేరతాయి. మొండిబావి, జంటగుంతలు అని చిన్నప్పటి నుంచి తండ్రి నోట విన్నవన్నీ గుర్తులు పెట్టి, పేర్లు రాసింది. లెక్చరరు మురిసిపోయి హోస్టింగ్ చేయమన్నాడు. అంటే ఎవరైనా ఎక్కడినుంచైనా చూసేలా ఇంటర్నెట్‌లో ఉంచడం. ఉంచాం. స్నేహితులు ఫోన్లలో పంచుకున్నారు.

వారం తిరగకుండానే యాదయ్య కొట్టుకొచ్చాడు. కూతురు అక్కడే ఉంది.

"అన్నా, ఈ పోరి ఏం జేసింది? హయత్‌నగర్ దిక్కెల్లి ఇద్దరు పోరగాళ్లు బండి మీద వలలేసుకొని వచ్చిండ్రు. 'మొండిబావి ఏడ కాకా' అని నన్నే అడుగుతుండ్రు! ఫోన్ల సూపిస్తుండ్రు!"

"సార్ మస్తు మెచ్చుకున్నడు బాపూ."

"మెచ్చుకుంటడు. జీతం మీద బతికెటోడు. మన ఎండాకాలమంత గా బావులల్లనే ఉంది బిడ్డా."

"తీసేస్తే ఫెయిల్ చేస్తడు. ఏం పెట్టాలె మరి, గోవానా?"

"పెట్టు. గోవా చేపలు మనయి కావు గద!"

నాకు నవ్వొచ్చింది. వాళ్లిద్దరూ నవ్వలేదు. పిల్ల కళ్లనిండా నీళ్లు చూసి యాదయ్య స్టూలు మీద కూలబడ్డాడు. అన్నాడు:

"వల గురించి రాయి. ఏ చేపకు ఎంత కన్ను ఉండాలె, పిల్లచేప ఎట్ల తప్పించుకొని పోవాలె, గవన్నీ జెప్త. వల అల్లేది నేర్చుకున్నోడు మన కడుపు కొట్టడు. గుంత తెలిసినోడే కొడ్తడు."

కన్నంటే వల అల్లికలో వదిలే సందు. ఆయన చెబుతుంటే స్వప్న రాసుకుంది. మ్యాప్ తీసేశాం. అప్పటికే ఫోన్లలోకి పోయినదాన్ని ఏ యంత్రమూ వెనక్కి తేలేదు. ఆ బండి వాళ్లు ఆ ఎండాకాలమంతా వస్తూనే ఉన్నారని తర్వాత యాదయ్యే చెప్పాడు.

పరీక్షనాడు లెక్చరరు అడిగాడట: "ఆ మ్యాప్ ఏదమ్మా? బాగున్నదే అది కదా!"

"అది మా ఇంటోళ్లది సార్, ఇయ్యరాదు" అందట స్వప్న.

ఆయన మార్కులు కోశాడు. పాసయింది, అంచు మీద.

సొంత అంశం, సొంత అంశం అని పిల్లల ప్రాణం తీసే చదువులు, ఇంట్లో వాళ్లది ఏది బయటపెట్టొచ్చో, ఏది పెట్టకూడదో ఒక్కనాడూ నేర్పవు. 'మీకు తెలిసిందే పెట్టండర్రా' అని నేనూ చెప్పేవాణ్ణి. ఇప్పుడు దాని వెనకే ఇంకో మాట అడుగుతాను: "అది నమ్ముకొని ఎవరు బతుకుతున్నరు బిడ్డా? వాళ్లనడిగినవా?"

కొందరు ఆలోచనలో పడి వెనక్కి పోతారు. ఎక్కువమంది అంటారు: "గింత ఫికర్ ఎందుకు తాతా, గోవానే ఇయ్యి!"

వాళ్లకు గోవా తీసి, పేరు మార్చి ఇస్తున్నాను.