వేడిపెట్టెతో కోనసీమలో పెళ్ళిపిలుపులు

కారులో సిగరెట్టు వెలిగించుకోవడానికి ఒక రంధ్రం ఉంటుంది గదా. నాకు సిగరెట్టు అలవాటు లేదు కాబట్టి అది ఉత్త దండగ అనుకునేవాణ్ణి. కాకినాడ రేవులో ఓడమీద పనిచేసే మిత్రుడొకడు సింగపూరు నుంచి ఒక నీలంరంగు పెట్టె తెచ్చి, దాని తీగ ఆ రంధ్రంలో గుచ్చి చూపించిన రోజున నా మతి పోయింది. మీట ఇటు నొక్కితే ఎర్ర దీపం, లోపల వేడి. అటు నొక్కితే ఆకుపచ్చ దీపం, లోపల చల్లదనం. మంటా లేదు, మంచుగడ్డా లేదు! మూడువేల రెండువందలు అక్కడికక్కడే ఇచ్చి పెట్టె చంకన పెట్టుకుని ఇంటికొచ్చాను. ఆ వారం ఇంటిముందు ఆగి ఉన్న కారులో కూర్చుని రెండుపూటలా వేడివేడిగా తిన్నాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని మా ఆవిడ అననే అంది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలు, మా వీధిలో అలాంటి వస్తువు చూసినవాడు లేడు మరి.

ఆ పెట్టెకి అసలైన పని మా చెల్లెలి పెళ్ళి తెచ్చింది. కోనసీమలో మావైపు చుట్టాల్ని కార్డు పోస్టులో పడేసి పిలిస్తే ఎవరూ రారు. ఇంటి ఇల్లాలే వెళ్ళి, బొట్టు పెట్టి, వాళ్ళింట ఎంగిలిపడి రావాలి. మా అమ్మకి మూడు నెలల క్రితమే విశాఖపట్నంలో పిత్తాశయం ఆపరేషనైంది. నూనె, నెయ్యి, కారం ముట్టకూడదు, మూడు గంటలకోసారి కొంచెం కొంచెంగా వేడిగా తినాలి అని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇదంతా ఒక ఎత్తు, రాజోలులో ఉన్న మా మావయ్య ఒక్కడూ ఒక ఎత్తు. పెళ్ళికూతుర్ని బుట్టలో పెట్టి పందిట్లోకి మొయ్యాల్సిన మేనమామ ఆయనే, అమ్మకి ఉన్న ఒక్కగానొక్క అన్న. ఆపరేషన్ సంగతి ఆయనకి తెలియదు. మా అమ్మమ్మ ఆపరేషన్ బల్లమీదే పోయింది, అప్పట్నుంచీ ఆ మాట వింటేనే ఆయన వణికిపోతాడని అమ్మ దాచేసింది. పైగా ఆయనకో పట్టుదల ఉంది. తన ఇంట్లో చెయ్యి కడగనివాళ్ళ గడప తొక్కడు. ఆ కారణానికే సొంత బాబాయి కొడుకు ఇంటికి పదకొండేళ్ళుగా వెళ్ళడం లేదు. అమ్మ తినకపోతే ఆయన పెళ్ళికి రాడు, తింటే అమ్మ ఆసుపత్రికి వెళ్తుంది.

తెల్లారగట్ల ఐదింటికే అమ్మ క్యారేజీ సర్దింది. రెండు ఇడ్లీలు, మెత్తగా ఉడికించిన అన్నం, పెసరకట్టు, పోపు లేని బీరకాయ కూర. పెట్టెని ముందుగా అరగంట వేడెక్కించి, పొగలు కక్కుతున్న క్యారేజీ అందులో దింపాను. నాన్నగారు పెళ్ళిపనులతో ఇంట్లో ఉండిపోయారు. అమ్మా నేనూ ఆరింటికి కాకినాడలో బయల్దేరాం. యానాం దగ్గర కొత్త వంతెనెక్కి గోదావరి దాటుతుంటే ఎంత ఉత్సాహమో చెప్పలేను. పంటు పడవ కోసం రేవులో గంటలు గంటలు పడిగాపులు పడ్డవాళ్ళకే ఆ సుఖం తెలుస్తుంది. ముమ్మిడివరం, అమలాపురం ఆగకుండా దాటేసి ఎనిమిదింపావుకి అయినవిల్లి చేరాం. మొదటి శుభలేఖ వినాయకుడి పాదాల దగ్గర పెట్టి, కారులోకి వచ్చి మూత తీస్తే ఇడ్లీల్లోంచి ఆవిరి లేచింది. రెండు గంటల తర్వాత! నేను చప్పట్లు కొట్టేశాను. అమ్మ ఒక ఇడ్లీ తిని, "నీ పిచ్చి ఇన్నాళ్ళకి ఒకరికి పనికొచ్చిందిరా" అంది.

అక్కడితో బుద్ధిగా ఉండాల్సింది. తొమ్మిదిన్నరకి వెనక్కి అమలాపురం వచ్చి పిన్నిగారింట్లో దిగాం. ఆవిడ అమ్మకి వేలువిడిచిన చెల్లెలు. పెట్టె కారులోనే ఉంచరా అని అమ్మ రెండుసార్లు చెప్పింది. నా గొప్ప నేను చూపించుకోవద్దూ? లోపలికి మోసుకెళ్ళి కుర్చీమీద పెట్టాను. ఈలోగా పిన్నిగారు పెసరట్టు ఉప్మా పళ్ళెంలో పెట్టి తెచ్చేసరికి, అమ్మ శనివారం ఉపవాసమని చెప్పి తప్పించుకుంది. పిన్నిగారు సరేనని, ఇదేంటి అబ్బాయ్ అంటూ పెట్టె మూత తీసి, క్యారేజీ పైగిన్నె విప్పి చూసింది.

"ఉపవాసమన్నావు గదక్కా. ఇడ్లీ వేడిగా ఉంది."

అంతే. కోనసీమలో తిట్టరండీ, అదే వచ్చిన చిక్కు. కాఫీ ఇచ్చింది, బొట్టు పెట్టించుకుంది, గుమ్మందాకా వచ్చి సాగనంపింది. మేం కారెక్కుతుంటే లోపల ఫోను తిప్పుతున్న చప్పుడు వినపడింది. అమ్మ కొత్తపేట దాకా కిటికీలోంచి కొబ్బరితోటలు చూస్తూ కూర్చుంది. పైపెచ్చు రోడ్డు గతుకులు.

కొత్తపేటలో నాన్నగారి పినతండ్రి కొడుకు, మాకు బాబాయి, గేటు దగ్గరే ఎదురొచ్చాడు. ఆయన వరి, కొబ్బరి చూసుకునే రైతు. మోటారు కనపడితే విప్పి చూస్తే గాని నిద్రపట్టని మనిషి. మమ్మల్ని పలకరించకముందే పెట్టె ఏదిరా అన్నాడు. ఫోను మాకంటే ముందు వచ్చిందన్నమాట. చెయ్యి లోపల పెట్టి చూశాడు, వెనకాల పంకాకి చెవి ఆనించి విన్నాడు, మీట మార్చించి చల్లగాలి వస్తుంటే పకపకా నవ్వాడు. పావుగంట ఇద్దరం చిన్నపిల్లల్లా ఆడుకున్నాం. అమ్మ ఆయనకి మాత్రం నిజం చెప్పింది. ఆయన నవ్వు ఆగిపోయింది. రాజోలుకీ ఫోను వెళ్ళిందనీ, చెల్లెలు తన ఇంటికి క్యారేజీ కట్టుకొస్తోందని మీ అన్నయ్యగారు అప్పట్నుంచీ ఎవరితోనూ మాట్లాడ్డం లేదట అనీ చెప్పాడు. బయల్దేరేముందు బాబాయి నన్ను పక్కకి పిలిచాడు.

"దాస్తే పెద్దదవుద్దిరా అబ్బాయ్. ఆయనకి చెప్పేయండి."

చెప్పొద్దని అమ్మ కారులో నా చేత ఒట్టు వేయించుకుంది. పి.గన్నవరం అక్విడెక్టు దగ్గర పన్నెండున్నరకి ఆగాం. కింద గోదారిపాయ, దాని నెత్తిన కాలవ పారుతుంటే ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. మీరూ అటు వెళ్తే పది నిమిషాలు ఆగండి, ఎండాకాలంలో కూడా గాలి బాగుంటుంది. అమ్మని రెండు ముద్దలు తినమని బతిమాలాను. ఇక్కడ కడుపు నింపుకుని వెళ్తే అన్నయ్య విస్తరి ముందు ఎలా కూర్చోనురా అని కారు తలుపు వేసేసుకుంది. అక్కడ తినడానికే నిశ్చయించుకుందని అప్పుడు అర్థమైంది. నాకు భయం పట్టుకుంది.

రాజోలు చేరేసరికి ఒంటిగంటన్నర. మావయ్య వీధరుగు మీద కూర్చుని ఉన్నాడు. మామూలుగా అయితే మా కారు చప్పుడుకే రోడ్డెక్కేస్తాడు. ఈసారి కూర్చున్నచోటి నుంచే అమ్మతో, "రండి, కాళ్ళు కడుక్కోండి" అన్నాడు. సొంత చెల్లెల్ని మీరనడం! మావయ్యకి కోపమొస్తే మర్యాద ఎక్కువవుతుంది. అత్తయ్య అప్పటికే ఆకులు వేసేసింది. ముద్దపప్పు, పనసపొట్టు కూర, గుత్తివంకాయ, మామిడికాయ పులుసు, గిన్నెడు నెయ్యి. అమ్మ కూర్చుంది. పప్పులో నెయ్యి వేయించుకుని ముద్ద కలిపింది. మావయ్య ఎదురుగా నిలబడి ఆ చేతివంకే చూస్తున్నాడు.

ఒట్టు తీసి గట్టుమీద పెట్టాను. పరుగున వెళ్ళి కారులోంచి పెట్టె తెచ్చి మావయ్య కాళ్ళ దగ్గర దింపాను. పొద్దున్న గొప్పకోసం మోసిందీ నేనే, ఇప్పుడు అమ్మకోసం మోసిందీ నేనే.

"మావయ్యా, అమ్మకి ఆపరేషనైంది. అవి తినకూడదు. ఇది తప్ప ఏదీ తినకూడదు."

ఆయన వంగి మూత తీశాడు. గిన్నెలు ఒక్కొక్కటే బయటపెట్టాడు. మెత్తటి అన్నాన్ని వేలితో నొక్కి చూశాడు, పోపులేని కూర చూశాడు. అమ్మ ముద్ద ఆకులోనే వదిలేసి ఏడుస్తోంది, బతికొచ్చాక చెబుదామనుకున్నాను అన్నయ్యా అంటోంది.

"బతికొచ్చి మూడు నెలలైంది గదే చిట్టీ," అన్నాడు. "అమ్మప్పుడూ నాకు ఆఖర్నే చెప్పేరు."

ఆ మాటతో నాకూ కన్నీళ్ళాగలేదు. ఆయన అమ్మ ముందున్న ఆకు తీయించేసి కొత్త ఆకు వేయించి, క్యారేజీలో అన్నం తనే వడ్డించాడు. తనూ పక్కనే బాసింపట్టు వేసుక్కూర్చుని, ఆ అన్నమే తనకీ పెట్టుకున్నాడు. రెండు ముద్దలు తిని, ఉప్పన్నా లేదేంటే దీన్లో అన్నాడు, అని మళ్ళీ కలుపుకున్నాడు. అమ్మకి చాలదని అత్తయ్య కంగారుగా పొయ్యిమీద మళ్ళీ బియ్యం పెట్టింది. వడ్డించిన విందంతా నా ఒక్కడి పాలబడింది, నేనేమీ మొహమాటపడలేదు. పనసపొట్టు కూర మూడుసార్లు వేయించుకున్నాను.

నాలుగింటికి బయల్దేరాం. మావయ్యే పెట్టెలో పనసతొనలు సర్ది, నాచేత తీగ కారులో గుచ్చించి, మీట తనే ఆకుపచ్చకి నొక్కి, దీపం వెలిగేదాకా చూశాడు. అమ్మ అత్తయ్యకి బొట్టు పెట్టి శుభలేఖ ఆయన చేతికిచ్చి, వస్తావుగా అన్నయ్యా అని అడిగింది.

"పెళ్ళికి పిలవకపోయినా వస్తానే. ఆసుపత్రికెళ్ళేప్పుడు పిలు."

దారంతా అమ్మ ఆ మాటే తలుచుకుంది. ఆ రోజు మొత్తానికి ఆరువందల పెట్రోలు, గుడి దగ్గర కొబ్బరికాయలు తప్ప ఖర్చేమీ కాలేదు, రాత్రి కాకినాడలో మా చెల్లెలు పనసతొనలు చల్లచల్లగా తింది. ఇంత సంబరంగా నేను మరే ప్రయాణమూ చేయలేదు. నా సంబరమంతా వస్తువు మీదే అనుకున్నాను గాని, మావయ్య ఆ మూత తీసిన క్షణమే ఇప్పటికీ కళ్ళముందుంది. మేం దాచింది ఆయన్ని కాపాడదామనే. ఆయనకి మాత్రం రెండోసారీ తన్ని పరాయివాణ్ణి చేసినట్టయింది. ఇలాంటి పెట్టెతో బయల్దేరేవాళ్ళకి ఒక్క సలహా: అది వంట చెయ్యదు, మంచు కట్టదు, మీరు వేడిగా పెట్టింది వేడిగా, చల్లగా పెట్టింది చల్లగా ఉంచుతుందంతే. కారు ఆపినప్పుడు తీగ పీకెయ్యండి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. ఇక లోపల ఉన్నది పథ్యం కూడైతే, అది ఎవరికోసమో మీవాళ్ళకి ముందురోజే ఫోన్ చేసి చెప్పి, ఆ తర్వాతే కారు తియ్యండి.