ఖాళీయేనా గారి ఏజెంటు

ఆ రోజుల్లో అనడానికి నాకింకా తల నెరవలేదు గానీ, కంప్యూటర్ పనిలో రెండేళ్ళు గడిస్తే అమ్మమ్మల కాలం కిందే లెక్కండి, అంచేత ధైర్యంగా అనేస్తున్నాను. ఆ రోజుల్లో నేను అమలాపురంలో ఒక కొబ్బరి వ్యాపారి గారి దగ్గర పనికి కుదిరేను. అందరికీ ఆయన 'ఖాళీయేనా గారు'. ఎవరికైనా ఫోన్ చేయాలంటే ముందోసారి చేసి "ఖాళీయేనా అండీ?" అని అడిగి, అవతలివాళ్ళు ఆయ్ అనగానే పెట్టేసి, మళ్ళీ చేసి అసలు సంగతి చెప్పేవారు. (మొదటిసారే చెప్పెయ్యొచ్చు కదండీ అంటే, "వీలుందో లేదో తెలీకుండా మీద పడిపోతామా అమ్మాయ్, తప్పు కదూ" అనేవారు.) మా నాన్నగారేమో నాకు మూడు నెలలే గడువిచ్చేరు. ఈలోగా అక్కడ నిలదొక్కుకోవాలి, లేదా నోరు మూసుకుని బ్యాంకు పరీక్షల కోచింగ్‌లో చేరాలి. ఆ కోచింగ్ పేరు చెబితేనే నాకు జ్వరం వచ్చేది.

ఆఫీసు వెనకాల చప్టా మీద కొబ్బరి చిప్పలు ఆరబోసేవాళ్ళు. వాన పడేలోగా బరకాలు కప్పకపోతే బూజే. నేనో ఏఐ ఏజెంటుని తయారుచేసేను, అంటే చెప్పిన పని తనంతట తనే చూసుకునే ప్రోగ్రామన్నమాట. అది ఒక వాతావరణ సర్వీసుని వానొస్తుందా అని అడుగుతూ, వస్తుందంటే అందరి ఫోన్లూ మోగించాలి. ఆ సర్వీసు గంటకి అరవై ప్రశ్నలే ఒప్పుకుంటుంది, దాటితే కాసేపు పలకదు. ఇది విని ఖాళీయేనా గారు నొచ్చుకున్నారు. "పాపం, వాళ్ళని వేధించకూడదమ్మా. అడిగే ముందు ఇంకా ఎన్ని ఉన్నాయో కనుక్కోమను. అడిగేక కూడా ఓసారి కనుక్కోమను." నేనూ తెలివి ఒలకబోసుకుంటూ అలాగే రాసేను. ఎన్ని ఉన్నాయని అడగడం కూడా ఒక ప్రశ్న కిందే లెక్కని సర్వీసువాళ్ళు రాసిపెట్టేరు. నేను చదవలేదు. (అంత పొడుగు కాయితం ఎవరు చదువుతారండీ.) అలా అరవైలో నలభై మర్యాదలకే పోయేవి.

గడువు ఇంకో రెండ్రోజుల్లో తీరుతుందనగా, నా ప్రయోజకత్వం చూద్దామని నాన్నగారు వచ్చేరు. ఖాళీయేనా గారు ఆయన్ని నా పక్కనే కూర్చోబెట్టి, "ఎన్ని మిగిలేయో ఓసారి చూపించమ్మా" అన్నారు. చూపించేను. "మీరూ ఓసారి ఈ మీట నొక్కండి," అన్నారు నాన్నగారితో. "అయ్యో, ముందు మీరు కానివ్వండి." "అంతమాటా, మీ తరవాతే." ఒకరి మాట ఒకరు తీసెయ్యలేక ఇద్దరూ నొక్కుతూ ఉంటే అంకె దిగిపోతోంది. చివరికి తెర మీద ఇరవై నిమిషాలు ఆగమని వచ్చింది. కిటికీలోంచి చూద్దును కదా, ఆకాశం నల్లగా కమ్ముకొచ్చేసింది. జవాబు రానిదే ఏజెంటు ఎవరి ఫోనూ మోగించదాయె, పైగా ఆగమన్నా వినకుండా ఎన్ని మిగిలేయండీ అని అడుగుతూనే ఉంది. ముగ్గురం పరిగెత్తేం. నాన్నగారు పంచె ఎగ్గట్టి బరకాలు లాగేరు. అయినా సగం చిప్పలు తడిసిపోయేయి.

ఇంక కోచింగే అనుకుని, అప్పుడు ఆ కాయితం చదివి, ఉన్నది ఉన్నట్టు చెప్పేసేను. అడగడమే మన కొంప ముంచిందనీ, అసలు ప్రతి జవాబు వెంటా ఎన్ని మిగిలేయో వాళ్ళే రాసి పంపుతున్నారనీ, అది చూసుకుంటే చాలనీ ఒప్పుకున్నాను. ఖాళీయేనా గారు తువ్వాలుతో తల తుడుచుకున్నారు.

"అంటే విస్తరి ముందు కూర్చుని, అన్నం ఉందా అండీ, అన్నం ఉందా అండీ అని అడిగి అడిగి ఆకలితో లేచి వచ్చేసేమన్నమాట." తరవాత నాన్నగారి వైపు తిరిగేరు. "సగం తప్పు నా మర్యాదదండీ. అమ్మాయికి ఇంకో మూడు నెలలిద్దాం. మీకు వీలేనా అండీ?"

తడిసిన చిప్ప చేత్తో పట్టుకుని నాన్నగారు "ఆయ్" అన్నారు.

ఇప్పుడు నేను ఊళ్ళో కూర్చునే పెద్ద కంపెనీల ఏజెంట్లకి ఈ హద్దులే నేర్పుతున్నాను. అనవసరంగా ఒక్క ప్రశ్న అడిగినా ఊరుకోను, నా కింద పనిచేసేవాళ్ళకి నేనంటే హడల్. ఖాళీయేనా గారు మాత్రం ఇప్పటికీ రెండు ఫోన్లే చేస్తారు. మొన్నోసారి మొదటిది వచ్చింది, రెండోది రాలేదు. పది నిమిషాలు చూసి, కంగారుపడి నేనే చేసేను. ఆయన ఎత్తగానే నా నోట్లోంచి "ఖాళీయేనా అండీ?" అని వచ్చేసింది. ఆయ్ అన్నారు. పెట్టేసి, మళ్ళీ చేసేను.